మొదటి పది నిమిషాలు

జనంలోకి తుపాకీతో వచ్చిపడే దుండగుల గురించి, పోలీసుల సన్నద్ధత గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం, పేర్లు తీసేశాం.

ప్ర: ఇంద్రకీలాద్రి మీద ఆక్టోపస్ (ఉగ్రవాదులను ఎదుర్కొనే రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దళం) రాత్రిపూట మాక్ డ్రిల్ చేసిందని పేపర్లో ఫొటోలు చూస్తుంటాం. నిజంగా ఎవడైనా తుపాకీతో జనంలో పడితే, వాళ్లు వచ్చేదాకా మామూలు పోలీసులు చుట్టుముట్టి కాపలా కాస్తారా? (భవానీపురం, విజయవాడ)

జ: కాయకూడదు. ఒకప్పుడు కాసేవాళ్లు. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులకు దిగినప్పుడు పోలీసులు నిమిషాల్లోనే వచ్చారు. కానీ అప్పటి పద్ధతి ప్రకారం బయట వలయం కట్టి ప్రత్యేక బృందం కోసం ఎదురుచూశారు. ఆ బృందం లోపల అడుగు పెట్టేసరికి దాదాపు ముప్పావు గంట పట్టింది. గాయపడిన ఒక టీచరు దగ్గరికి చేరేసరికి మూడు గంటలు దాటింది, ఆయన రక్తం పోయి చనిపోయారు. మొత్తం పన్నెండు మంది పిల్లలు, ఒక టీచరు బలయ్యారు. శిక్షణ మొత్తం తిరగరాసింది ఆ తర్వాతే. ఇప్పుడు నేర్పే పాఠం ఒకటే: ముందు వచ్చినవాళ్లే లోపలికి వెళ్లాలి.

ఎందుకంటే టైము ఉండదు. 2000 నుంచి 2013 దాకా అమెరికాలో జరిగిన ఇలాంటి 160 కాల్పుల ఘటనలను అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిశీలించింది. ఎంతసేపు సాగాయో కచ్చితంగా తేలినవి 63. వాటిలో 44 అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. ఆ 44లోనూ 23 రెండు నిమిషాల్లోపే. దళం లారీ ఎక్కే లోపే కథ అయిపోతుందన్నమాట.

ముంబైలో 2008 నవంబరు 26 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కాల్పులు మొదలయ్యాయి. ఎన్‌ఎస్‌జీ (కేంద్రం ఉగ్రవాద వ్యతిరేక దళం) కమాండోలు రంగంలోకి దిగేసరికి తెల్లారింది. ఆ అనుభవంతోనే 2009లో ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాదుల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. మనకు దగ్గరది హైదరాబాదు. రోడ్డు మీద 270 కిలోమీటర్ల పైమాటే. విమానమెక్కినా గన్నవరంలో దిగి ఊళ్లోకి రావాలి. ఆక్టోపస్ మన రాష్ట్రానిదే, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో పుట్టింది. అయినా ఏ దళమైనా బస్టాండులో మన పక్కన నిలబడి ఉండదు కదా. ఆ దళాలు వచ్చేది రెండో అంకానికి: తలుపులేసుకుని కూర్చున్నవాణ్ణి పట్టడం, బందీలను విడిపించడం, గదిగది వెతకడం, బాంబులున్నాయేమో చూడడం. మొదటి అంకం పక్క సందులో గస్తీ తిరుగుతున్న ఇద్దరు కానిస్టేబుళ్లదే. ఫొటోలు మాత్రం ఎప్పుడూ రెండో అంకానివే వస్తాయి.

ప్ర: లోపల కాల్పులు ఆగిపోతే? అప్పుడైనా ఆగి మాట్లాడించవచ్చు కదా? (పటమట)

జ: ఇక్కడే అనుభవజ్ఞులు కూడా బోల్తాపడ్డారు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డి బడిలో పోలీసులు కొద్ది నిమిషాల్లోనే లోపలికి వెళ్లారు. దుండగుడు తరగతి గదిలోంచి కాల్చగానే వెనక్కి తగ్గారు. తర్వాత శబ్దం తగ్గేసరికి “వాడు గదిలో ఇరుక్కున్నాడు, ఇక టైముంది” అని లెక్కేసుకున్నారు. మొత్తం 376 మంది పోలీసులు అక్కడ చేరారు. గదిలోకి వెళ్లి వాణ్ణి కాల్చేసరికి 77 నిమిషాలు. పంతొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. గదిలో పిల్లలు బతికే ఉన్నారు, వాళ్లే ఫోన్లు చేస్తున్నారు. తాళంచెవుల కోసం వెతుకులాడారు గానీ, ఆ తలుపుకు అసలు తాళం పడి ఉండకపోవచ్చని తర్వాత విచారణలో తేలింది. గడియ తిప్పి చూసినవాళ్లు లేరు.

కాబట్టి శిక్షణలో అడగాల్సిన ప్రశ్న “కాలుస్తున్నాడా లేదా” కాదు, “లోపల దెబ్బతిన్నవాళ్లు, వాడి చేతికి అందేవాళ్లు ఉన్నారా” అన్నది. ఉంటే గడియారం ఆగలేదు. ఎవరూ లేరని గట్టిగా తెలిస్తేనే చర్చలకు, ప్రత్యేక దళానికి టైము దొరికినట్టు. ఇంకో సంగతి, అక్కడ ఇంతమంది చేరినా “ఇక్కడ నేను చెప్పినట్టు జరగాలి” అని బాధ్యత తీసుకున్న అధికారి ఒక్కరు కనబడలేదు. మొదట వచ్చినవాడే, హెడ్ కానిస్టేబుల్ అయినా సరే, పైవాళ్లు వచ్చి “ఇక నేను చూసుకుంటా” అని వైర్‌లెస్ సెట్లో చెప్పేదాకా కమాండర్. మన దగ్గర హోదా మర్యాద ఎక్కువ. సీఐ గారు వస్తున్నారంటే అందరూ ఆగిపోతారు. ఈ అలవాటు డ్రిల్లులోనే వదలాలి.

ప్ర: మావారు సివిల్ కానిస్టేబుల్. డ్యూటీకి లాఠీతో వెళ్తారు. “ముందు వచ్చినవాళ్లే వెళ్లాలి” అంటే లాఠీతో ఏకే-47 ముందుకా? (సత్యనారాయణపురం)

జ: మీ భయం న్యాయమైనది తల్లీ. అలా పంపేది శిక్షణ అనిపించుకోదు, బలి ఇవ్వడం. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి మన హైవే మీదే, సూర్యాపేట బస్టాండులో, బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడికక్కడే పోయారు. తమకు ఎదురైంది ఎవరో ఆ పోలీసులకు తెలియదు. మామూలు తనిఖీ అనుకున్నారు.

ఆయుధం లేనివాళ్ల పని వేరే, అది చిన్న పని కాదు. మొదటిది కబురు. సెట్లో నాలుగు ముక్కలు చెప్పగలగాలి: ఎక్కడ, ఏం వినబడుతోంది, ఏ గేటు క్షేమం, వచ్చేవాళ్లు ఎటు రావాలి. ఇలా ఉండాలి: “బందరు రోడ్డు మాల్, మూడో గేటు దగ్గరున్నా. లోపల కాల్పులు, పై అంతస్తనుకుంటా. ఒకటో గేటు వైపు రావద్దు. బళ్లు రోడ్డుకు అవతలే పెట్టండి.” నంబర్ల కోడ్‌లు వద్దు, మామూలు తెలుగు చాలు. రైల్వే పోలీసు, ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం), సిటీ పోలీసు ఒకరి కోడ్ ఒకరికి తెలియకపోవచ్చు. రెండోది, బయటికొచ్చే జనాన్ని ఒక పక్కకు మళ్లించడం, కొత్తగా ఎవరినీ లోపలికి పోనివ్వకపోవడం. మూడోది, దారి ఖాళీగా ఉంచడం.

తుపాకీ ఉన్నవాళ్లు, అంటే ఏఆర్ (సాయుధ రిజర్వు) గార్డులు, క్యూఆర్టీ (వెంటనే కదిలే బృందం) వాళ్లు, పిస్తోలున్న ఎస్సైలు, దొరికినంతమంది కలిసి కదలాలి. నలుగురుంటే మేలు, ఇద్దరైనా సరే, నలుగురయ్యేదాకా ఆగకూడదు. ఒకరు ముందు, ఒకరు వెనక చూడాలి. వెనక చూసేవాడు లేక దెబ్బతిన్న బృందాలు చాలా ఉన్నాయి. మనవాళ్లను మనవాళ్లే కాల్చుకోవడం రెండో ప్రమాదం. 2013లో కెన్యా రాజధాని నైరోబీలో ఉగ్రవాదులు దాడి చేసిన వెస్ట్‌గేట్ మాల్‌లో లోపలున్న పోలీసు బృందానికీ, తర్వాత వచ్చిన సైన్యానికీ మధ్య ఇది జరిగింది. సివిల్ డ్రెస్సులో ఉన్నవాళ్లు పోలీసు అని కనబడే జాకెట్టో, పట్టీయో వేసుకోకుండా తుపాకీ బయటికి తీయకూడదు.

జాకెట్ల సంగతి కూడా తెలుసుకోండి. పలచని మెత్తటి జాకెట్ పిస్తోలు గుండును ఆపుతుంది, రైఫిలు గుండును ఆపదు. రైఫిలుకు ముందూ వెనకా గట్టి పలకలు పెట్టాలి, దాంతో బరువు ఎనిమిది పది కిలోలకు చేరుతుంది. అంత బరువుతో మూడంతస్తులు మెట్లెక్కి, రొప్పుతూ గురిచూడడం ఎవరికైనా కష్టమే. రేంజిలో నిలబెట్టిన బొమ్మను తీరిగ్గా కొట్టడం ఒక పరీక్ష, ఇది ఇంకోటి. అందుకే మంచి శిక్షణలో ముందు మెట్లు ఎక్కించి, వెంటనే బొమ్మలు చూపిస్తారు. కొన్నిటి చేతిలో తుపాకీ, కొన్నిటి చేతిలో ఫోను. ఫోనున్న బొమ్మను కొడితే ఫెయిల్.

ప్ర: మా కాలేజీలో డ్రిల్ పెట్టించారు. చెప్పకుండా బ్లాంకులు (గుండు లేకుండా శబ్దం మాత్రమే చేసే తూటాలు) పేల్చారు. అమ్మాయిలు మూర్ఛపోయారు, ఒకరు మెట్ల మీద పడ్డారు. ఇలా చేస్తేనే గుర్తుంటుందట. నిజమేనా? (బ్రాడీపేట, గుంటూరు)

జ: నిజం కాదు. పోలీసులకు పెట్టే డ్రిల్, విద్యార్థులకు పెట్టే డ్రిల్ వేరువేరు. రెండూ కలిపితే ఎవరికీ ఏమీ రాదు.

క్రమం ఇలా ఉండాలి. మొదట బల్ల మీద: కాలేజీ నక్షా పరిచి ఎస్సై, ప్రిన్సిపాల్, సెక్యూరిటీ సూపర్‌వైజర్, 108 వాళ్లు కూర్చుని “లైబ్రరీలో కాల్పులు, గంట ఇప్పుడే కొట్టారు, మెట్ల మీద రెండొందల మంది” అని ఒక్కో నిమిషం చర్చించాలి. లోపాల్లో ఎక్కువ ఇక్కడే బయటపడతాయి. వెనక గేటు తాళంచెవి వాచ్‌మన్ ఇంట్లో ఉంటుంది, కెమిస్ట్రీ ల్యాబ్ తలుపుకు లోపల గడియ ఉండదు. రెండోది నడిచి చూడడం, పిల్లలు లేని ఆదివారం. మూడోది పోలీసుల డ్రిల్, అదీ సెలవు రోజునే. పిల్లలకు చివర్లో, ముందే చెప్పి, శబ్దం లేకుండా: ఎటు వెళ్లాలి, ఏ గదికి గడియ ఉంది, లైటు, ఫోను ఎలా ఆపాలి. ఇరవై నిమిషాలు చాలు.

బ్లాంకులు అమాయకం కావు. దగ్గర్నుంచి పేలిస్తే మంట, వేడి గాలి కంటికీ చర్మానికీ నిజంగా గాయం చేస్తాయి. అసలు ప్రమాదం ఇంకోటి. 2016లో ఫ్లోరిడాలోని పుంటా గోర్డాలో పౌరులకు పెట్టిన ప్రదర్శనలో బ్లాంకులనుకున్న రివాల్వరులో అసలు గుండ్లు ఉన్నాయి. పాల్గొన్న ఒక పెద్దావిడ చనిపోయారు. అందుకే డ్రిల్ స్థలానికి ఒక్కటే దారి పెట్టి, దాని దగ్గర ఆయుధంతో సంబంధం లేని ఒక భద్రతాధికారిని నిలబెట్టాలి. మ్యాగజీన్ తీసి, ఛాంబర్ చూసి, జేబులు తడిమి, ఒకరు చూసింది ఇంకొకరు మళ్లీ చూడాలి. టీకి బయటికెళ్లి వచ్చినవాణ్ణి మళ్లీ మొదట్నుంచి చూడాలి. తప్పు జరిగేది ఎప్పుడూ టీ తర్వాతే. డ్రిల్ జరుగుతోందని 112కు, చుట్టుపక్కల వీధులకు ముందే తెలియాలి. లేకపోతే శబ్దం విని నిజమనుకుని ఇంకో స్టేషను బృందం తుపాకులతో దిగుతుంది.

ప్ర: మాల్ సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. పోలీసులకు మేం సిద్ధంగా ఉంచాల్సింది ఏమిటి? (బందరు రోడ్డు, విజయవాడ)

జ: మెటల్ డిటెక్టర్ కన్నా ఉపయోగపడే నాలుగు వస్తువులు. ఒకటి, అంతస్తుకొక నక్షా, చేతిలో పట్టేంత సైజులో, ల్యామినేషన్ చేసి, రెండు సెట్లు, బిల్డింగు బయట ఉండేలా. లోపల ఆఫీసులో ఉంటే అక్కడికి వెళ్లలేరు. రెండు, మాస్టర్ తాళంచెవులు, ప్రతిదానికీ చీటీ కట్టి. మూడు, గేట్లకు బయటికీ లోపలికీ కనబడే పెద్ద అంకెలు. “ఫుడ్ కోర్ట్ వైపు గేటు” అంటే భవానీపురం నుంచి వచ్చిన కానిస్టేబులుకు ఏం తెలుస్తుంది? నాలుగు, సీసీ కెమెరా గదిలో కూర్చుని ప్రత్యక్షంగా చూస్తూ సెట్లో చెప్పగల మనిషి.

“ప్రత్యక్షంగా” అన్నది ఊరికే వేయలేదు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో కాల్పులు జరిగినప్పుడు పోలీసులకు కెమెరా గది నుంచి అందిన సమాచారం ఇరవై నిమిషాలకు పైగా పాతది. వెనక్కి తిప్పిన వీడియోను ఇప్పుడు జరుగుతున్నట్టు చెబుతూ పోయారు. కాల్చినవాడు అప్పటికే బయటికెళ్లిపోయాడు. స్క్రీన్ మీద టైము ఎంతో మొదట చెప్పి, తర్వాతే మిగతాది చెప్పే అలవాటు చేయించండి. అక్కడే ఇంకోటి జరిగింది. కాల్పుల వల్ల లేచిన పొగ, దుమ్ముకు ఫైర్ అలారం మోగింది. పిల్లలు మంటలనుకుని వరండాల్లోకి వచ్చారు. అలారం మోగగానే ఏం చెప్పాలో మైకు దగ్గర కాగితం మీద రాసి పెట్టుకోండి.

షట్టరు దించేసి వెనక నిలబడితే క్షేమమని మీ షాపుల వాళ్లు అనుకుంటారు. షట్టరు రేకు, జిప్సం గోడ, ప్లైవుడ్ తలుపు కనబడకుండా దాస్తాయి, గుండును ఆపవు. ఆపేవి ఆర్‌సీసీ స్తంభం, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పార్కింగులో అయితే కారు ఇంజను వైపు. కారు తలుపు కాదు. షట్టరు దించాక దాని వెనక కాకుండా పక్క గోడ చాటుకు వెళ్లమనండి. మీ సెల్లారులో వైర్‌లెస్ సెట్టు పనిచేస్తుందో లేదో కూడా ఓ సాయంత్రం స్టేషను వాళ్లను పిలిచి చూపించండి. కాంక్రీటు కింద మ్యాన్‌ప్యాక్‌లు (చేతిలో పట్టుకునే సెట్లు) మూగబోవడం మామూలే. ఎక్కడ పనిచేయదో ముందే తెలిస్తే అక్కడ కబురు మోయడానికి మనిషిని పెడతారు.

ప్ర: లోపలికెళ్లిన పోలీసులు గాయపడ్డవాళ్లను దాటుకుంటూ పోతారట. మానవత్వం లేదా? (మంగళగిరి)

జ: మొదటి బృందం ఆగితే, ముందున్న దుండగుడు ఇంకో పదిమందిని కాలుస్తాడు. అందుకే దాటి వెళ్తారు. కానీ ఆ వెనకే గాయాలు చూసే బృందం రావాలి. అక్కడ ప్రణాళిక లేకపోతే మాత్రం మీరన్నది నిజమే అవుతుంది. అమెరికాలో దీనికి రెస్క్యూ టాస్క్ ఫోర్స్ అని పేరు: ఇద్దరు వైద్య సిబ్బంది, చుట్టూ తుపాకులతో పోలీసులు, వాడు దాటిపోయిన వరండాల్లోకి. అంతా క్లియర్ అని ప్రకటించేదాకా 108ను గేటు బయట ఆపితే, తొడలో పెద్ద రక్తనాళం తెగినవాడు అయిదు నిమిషాల్లో పోవచ్చు.

పక్కనున్నవాళ్లు చేయగలిగేది ఉంది. చేతికో కాలికో గాయమైతే దానికి రెండు మూడంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి, ముడిలో గట్టి పెన్నో గరిటో పెట్టి రక్తం ఆగేదాకా తిప్పాలి. కట్టిన టైము నుదుటి మీద రాయాలి. కండువా, చున్నీ మడత పనికొస్తాయి. జంధ్యం, సుతిలి, ఫోను ఛార్జరు వైరు వద్దు, సన్నటివి కండను కోస్తాయి గానీ రక్తనాళాన్ని నొక్కవు. నొప్పితో అరుస్తారు, వదులు చేయకండి. చంక, గజ్జల దగ్గర కట్టు కుదరదు. శుభ్రమైన గుడ్డ గాయంలోకి కూరి రెండు చేతులతో బరువంతా వేసి నొక్కి ఉంచాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు.

గాయపడ్డవాళ్లను బయటికి తెచ్చాక రోడ్డు దొరకదు. వచ్చిన ప్రతి జీపూ గేటు ముందే ఆగి, డ్రైవరు తాళంచెవితో సహా లోపలికి పరిగెడితే వెనక అంబులెన్సు ఇరుక్కుంటుంది. 2012లో అమెరికాలోని అరోరా సినిమా హాలులో కాల్పులు జరిగినప్పుడు అంబులెన్సులు దగ్గరికి రాలేక, పోలీసులు తమ కార్లలోనే చాలామందిని ఆసుపత్రులకు చేర్చారు. రోడ్డులో ఒక వరుస బళ్లకు, ఇంకో వరుస ఖాళీగా, తాళంచెవి బండికే ఉండాలి. బీసెంట్ రోడ్డు లాంటి చోట ఇది ముందే గీసుకోకపోతే ఆ రోజు కుదరదు. ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా ఒకరే చెప్పాలి, లేకపోతే అందరినీ దగ్గర్లో ఉన్న ఒక్క జీజీహెచ్‌కే (ప్రభుత్వ పెద్దాసుపత్రి) తోలేస్తారు.

ప్ర: “పరిగెత్తు, దాక్కో, పోరాడు” అంటారు. దసరాకు కొండ మీద క్యూలో పరిగెత్తమంటే తొక్కిసలాటలోనే ఎక్కువమంది పోరా? (తాడేపల్లి)

జ: పోతారు. అది ఆఫీసులకు, బడులకు రాసిన సూత్రం. మన దగ్గర భయం వేరే: 2015 జులైలో రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది, 2025 జనవరిలో తిరుపతి టోకెన్ల క్యూలో ఆరుగురు పోయారు. తుపాకీ శబ్దం కూడా లేదు అక్కడ. పైగా మనవాళ్లు కాల్పుల శబ్దం వింటే మొదట అనుకునేది టపాసులనే.

కాబట్టి గుడికీ, నెహ్రూ బస్టాండుకీ, రైల్వేస్టేషనుకీ ప్రణాళికలో సగం మైకు దగ్గరే ఉంటుంది. “ఉగ్రవాదులు, పరిగెత్తండి” అని అరిస్తే అంతే సంగతులు. ఎటు వెళ్లకూడదో, ఎటు వెళ్లాలో రెండే మాటలు, నిదానంగా, మళ్లీమళ్లీ: “భక్తులందరూ ఘాట్ రోడ్డు వైపు నడవండి. మెట్ల వైపు రావద్దు.” 2008 దాడి రాత్రి ముంబై సీఎస్‌టీ రైల్వేస్టేషనులో అనౌన్సర్ విష్ణు జెండే చేసింది ఇదే. తన గదిలోంచి కిందికి చూస్తూ, లోకల్ రైళ్లు దిగేవాళ్లకు ఎటు బయటపడాలో మైకులో చెబుతూ పోయారు. ఎంతోమంది అలా బతికారు.

రెండోది క్యూలైన్ల ఇనుప గ్రిల్లు. అక్కడక్కడ పక్కకు తెరుచుకునే గేట్లు పెడతారు గానీ, వాటికి తాళాలు వేసి తాళంచెవులన్నీ ఒకే గుత్తిగా ఒకే మనిషి దగ్గర ఉంచితే గేటు లేనట్టే. తాళం బదులు బయటి నుంచి సెకనులో లాగే గొళ్లెం, గేటుకొక వాలంటీరు ఉండాలి. డ్రిల్లులో కాల్పుల సీను ఒక్కటే కాకుండా, ఆ గేట్లన్నీ తెరవడానికి ఎంత టైము పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవాలి.

ప్ర: మేమే వాణ్ణి కొట్టి చంపేస్తే మా మీద కేసు అవుతుందా? (కొత్తపేట, గుంటూరు)

జ: విచారణ జరుగుతుంది. కానీ ప్రాణం తీస్తాడన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు అవతలివాడి ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇది 100వ సెక్షన్. వాడు చేతులెత్తి దొరికిపోయాక కొడితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

ప్ర: పోలీసులు లోపలికి వచ్చినప్పుడు మేం ఎలా ఉండాలి? వీడియో తీయవచ్చా? (లక్ష్మీపురం, గుంటూరు)

జ: తీయకండి, కనీసం అప్పుడే పెట్టకండి. ముంబై దాడప్పుడు సరిహద్దు అవతలివాళ్లు టీవీలు చూస్తూ ఫోన్లో దాడి నడిపించారు. అందుకే 2015లో కేబుల్ టీవీ నియమాలు సవరించి, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల ప్రత్యక్ష ప్రసారం ఆపేశారు. నియమించిన అధికారి అప్పుడప్పుడు చెప్పింది మాత్రమే చూపాలి. మీ స్టేటస్ ఆ నియమం కిందికి రాకపోవచ్చు, వాడి ఫోనులోకి మాత్రం వస్తుంది.

లోపలికొచ్చిన పోలీసులకు మీరెవరో తెలియదు. వాళ్లు చూసేది చేతులే. ఫోను కింద పడేయండి, బ్యాగు వదిలేయండి, వేళ్లు విప్పి రెండు చేతులూ తల పైకెత్తండి. వాళ్లవైపు పరిగెత్తవద్దు, పట్టుకుని ఏడవవద్దు. వాళ్లు అరిస్తారు, నెడతారు, నేల మీద పడుకోమంటారు. పడుకోండి. వాడు ఎటు వెళ్లాడో, ఎలాంటి బట్టలేసుకున్నాడో తెలిస్తే ఒక్క ముక్కలో చెప్పి, చేతులు దించకుండా వాళ్లు వచ్చిన దారినే బయటికి నడవండి.